సంతలో నేర్చుకున్న భాష

మా ఇంటావిడ పోయి ఇవాళ్టికి ఇరవై మూడు రోజులు. బళ్లారి ఆసుపత్రిలో, పొద్దున్నే కాఫీ ఫ్లాస్కు పట్టుకుని వార్డులోకి వస్తుంటే నర్సు ఎదురొచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది. ‘అమ్మ హోగిబిట్రు’ అంది, వెళ్లిపోయారని. నలభై ఏళ్లుగా కన్నడంలో బేరాలాడుతున్నవాణ్ణి, ఆ మాట అర్థం కావడానికి రెండుసార్లు అడిగాను.

తెక్కలకోట పక్కన మా క్యాంపుకి పలకరించడానికి వచ్చినవాళ్లంతా ఏడుస్తూ వచ్చారు. కాసేపటికే ఆవిడ కథలు చెప్పుకుని నవ్వడం మొదలుపెట్టారు. ‘విమానాశ్రయంలో పొడి కథ చెప్పన్నా’ అని నన్నే అడిగారు. ఆవిడ ఈ ఊరికి చెప్పిన కథలన్నీ నవ్వించేవే. నవ్వించనిది ఒకటుంది. అది ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడిక దాన్ని చెప్పాల్సింది నేనే.

మాది గోదావరి వైపు నుంచి వచ్చి కాలువ కింద వరి పెట్టుకున్న కుటుంబం. అలా వచ్చినవాళ్ల ఊళ్లనే ఇక్కడ క్యాంపులంటారు. నేను పొలం తమ్ముడికి వదిలి రైసుమిల్లు ఫిట్టర్నయ్యాను. ఆవిడ పుట్టిల్లు బళ్లారి వైపే, బండ్రి అనే ఊరు. తరతరాలుగా ఇక్కడే ఉన్న తెలుగువాళ్లు. మా వైపు ఆడవాళ్లు మొగుణ్ణి ‘ఏవండీ’ అని పిలుస్తారు. ఆవిడ కాపురానికి వచ్చిన మొదటి రోజే ‘ఏమప్పా, యాడుండావు?’ అని వంటింట్లోంచి కేకేసింది. మా అమ్మ చేతిలో గరిటె జారిపోయింది.

పెళ్లైన ఏడాదికి, మిల్లు యంత్రాలు అమ్మే కంపెనీ ఒకటి నన్ను టాంజానియా పంపింది. అక్కడ సముద్రమంత సరస్సు ఒకటుంది. దాని చుట్టూ వరి పండే ఊళ్లలో మిల్లులు బిగించాలి. రెండేళ్ల పని. ఆవిణ్ణి అమ్మ దగ్గర వదిలి వెళ్దామనుకున్నాను.

‘ఆడ ఏం తింటావు? ఎవురితో మాట్లాడతావు? నేనూ వస్తాండా’ అని సంచి సర్దేసుకుంది.

ఆ సంచిలో జొన్నరొట్టెలూ చెనిక్కాయల పొడీ ఉన్నాయి. బొంబాయి విమానాశ్రయంలో ఆఫీసరు డబ్బా పైకెత్తి ఇదేంటని అడిగాడు. ఆవిడ ఇంగ్లీషు కోసం వెతుక్కోలేదు. మూత తీసి, రొట్టె ముక్క తుంచి, పొడి అద్ది, ఆయన చేతిలో పెట్టింది. ‘తిని చూడప్పా, నీకే తెలుస్తాది.’ ఆయన అటూ ఇటూ చూసి నోట్లో వేసుకున్నాడు. కళ్లనీళ్లు తుడుచుకుంటూ ఇంకో ముక్క అడిగాడు. ఇదే ఆ పొడి కథ.

అక్కడివాళ్ల భాష స్వాహిలీ. రెండేళ్లలో నాకు వచ్చింది మిల్లు మాటలే. తెరువు, మూయి, నీళ్లు, నిప్పు. ఆవిడ మూడు నెలల్లో గలగలా మాట్లాడేసింది. తెలుగూ కన్నడమూ దక్కనీ ఒకే బేరంలో కలిపి మాట్లాడుతూ పెరిగిన మనిషి మరి. ఎలా వచ్చిందే అంటే, ‘సంతుంటే మాట అదే వస్తాది. ధర అడిగేది, తిట్టేది, నవ్వేది. ఇంకేం కావల్ల?’ అనేది. ఆవిడ రాకపోయి ఉంటే ఆ రెండేళ్లూ నేను యంత్రాలతోనే మాట్లాడి తిరిగొచ్చేవాణ్ణి.

ఆవిడకి ఆ భాష నేర్పింది మా పక్కింటామె. సంతలో ఎండుచేపలు అమ్మేది. పొడుగు మనిషి, పెద్ద గొంతు. సాయంత్రాలు ఇద్దరూ గుమ్మంలో కూర్చుని ఒకరి జుట్టు ఒకరు అల్లుకునేవాళ్లు. మా ఆవిడ వాళ్ల జొన్నపిండితోనే ఆమెకి రొట్టె తట్టడం నేర్పింది. మొదటి రొట్టె ఆఫ్రికా పటంలా వచ్చిందని నేనంటే, అది మా ఆవిడ ఆమెకి తర్జుమా చేసి, ఇద్దరూ గోడకి జారగిలబడి నవ్వారు. నా ఇంట్లో అంత నవ్వు మళ్లీ వినలేదు.

రెండో ఏడాది మేం ముగ్గురం కలిసి సరస్సులో ఉన్న ఒక దీవికి వెళ్లాం. నాకు అక్కడి మిల్లులో పని, చేపలామెకి సరుకు కొనే పని, మా ఆవిడకి షికారు. తిరిగి వెళ్లేనాడు వచ్చిన పడవ చిన్నది, జనం ఎక్కువ. నేను ముందుగా ఎక్కి తువ్వాలు పరిచి చోటు పట్టాను. మా ఆవిడకి అప్పుడు మూడో నెల. ఒడ్డున కూర్చుని వాంతులు చేసుకుంటోంది.

‘నా చేత కాదప్పా. సాయంత్రం పడవకి పోదాం’ అంది.

చేపలామె కూడా ఆగిపోతానంది. బుట్ట దించి మా ఆవిడ పక్కనే కూర్చుంది. మర్నాడు సంత. సరుకు చేరకపోతే వారం పోతుంది. మా ఆవిడే ఆమె చెయ్యి పట్టి లేపి, ‘నెండా, నెండా’ అంటూ నవ్వుతూ పడవ వైపు తోసింది. పో, పో అని. నేను దిగాను. నేను పట్టిన చోట్లో చేపలామె కూర్చుంది.

మధ్యాహ్నం గాలి లేచింది. సాయంత్రం పడవ రాలేదు. మర్నాడు పొద్దున వచ్చిన పడవవాడు చెప్పాడు, నిన్నటిది నడిమధ్యలో తిరగబడిందని. ఈది ఒడ్డు చేరినవాళ్లు కొందరున్నారు. వాళ్లలో చేపలామె లేదు.

ఊరు చేరగానే ఆమె తల్లి దగ్గరికి వెళ్లాం. మా ఆవిడ గుమ్మంలోనే కూలబడి, వాళ్ల భాషలో ఏడుస్తూ చెప్పింది. తనే ఆమెని పడవెక్కించానని చెబుతోందని మాటలు తెలియకపోయినా నాకు తెలిసింది. ముసలామె బయటికి వచ్చింది. వంగి మా ఆవిడ పొట్ట మీద అరచెయ్యి పెట్టి, చాలాసేపు తియ్యలేదు. అది దీవెనో ఇంకేమిటో నాకు ఈనాటికీ తెలియదు.

నెల తిరక్కుండా వచ్చేశాం. మా అమ్మాయి ఇక్కడే పుట్టింది. ఆ తర్వాత స్వాహిలీ ముక్క ఒక్కటి కూడా ఆవిడ నోట వినలేదు. ఎవరైనా సరదాకి ఒక మాట చెప్పమంటే ‘అన్నీ మర్సిపోతి’ అనేది. రైల్లో హగరి వంతెన వస్తే కళ్లు మూసుకునేది. ఎండాకాలంలో కింద ఏట్లో ఇసక తప్ప చుక్క నీరు లేకపోయినా మూసుకునేది. ఒక్కసారి, అమ్మాయి పెళ్లి కుదిరిన రోజు, పసుపు దంచుతూ తనంతట తనే అంది. ‘ఆయమ్మ కూసోనుండె. నేనే లేపితి.’ నేను లేచి బయటికి వెళ్లిపోయాను.

పోయిన నెల ఆవిడకి మెదడులో రక్తనాళం చిట్లింది. ఆసుపత్రిలో రెండో రోజు కళ్లు తెరిచింది. తెలుగు రాలేదు, కన్నడం రాలేదు. మర్చిపోయానన్న ఆ భాష వచ్చింది. ఒక్కొక్కరికి ఇలా అవుతుందన్నారు డాక్టరుగారు. ఒకే మాట, నాలుక మందంగా, మళ్లీ మళ్లీ. నాకు వచ్చిన నాలుగు మిల్లు మాటల్లో అది లేదు. తర్వాత ఎవరినైనా అడగవచ్చని అమ్మాయి ఫోనులో రికార్డు చేసింది. అడిగేలోగా ఆవిడ వెళ్లిపోయింది.

పెద్దకర్మ అయ్యాక అమ్మాయి వాకబు చేసి, బళ్లారిలో చదువుకుంటున్న ఒక టాంజానియా పిల్లని ఇంటికి తీసుకొచ్చింది. ఆ పిల్ల ఫోను చెవికి ఆనించుకుని మూడుసార్లు విన్నది. వచ్చీరాని కన్నడంలో మెల్లగా చెప్పింది.

‘ఉసియెండే. హోగబేడ అంతారె, అజ్జి.’

ఉసియెండే అంటే వెళ్లొద్దు. అదే అంటోందట.

‘ఎవరిని నాన్నా?’ అంది మా అమ్మాయి.

అప్పుడు చెప్పాను, పడవ సంగతంతా. అమ్మాయి కదలకుండా విన్నది. చివరికి, ‘అయితే ఆ పూట అమ్మ ఆగిపోయింది నేను కడుపులో ఉన్నందుకేనా?’ అంది. ఆ పరాయి పిల్లే జరిగి వచ్చి, మా అమ్మాయి తల తన భుజానికి ఆనించుకుంది.

వాళ్లు వెళ్లాక నేను ఒక్కణ్ణే ఆ రికార్డు మొదటినుంచీ పెట్టుకున్నాను. ఆవిడ గొంతు. వెళ్లొద్దు. వెళ్లొద్దు. దాని మీదుగా నా గొంతు, ‘నీళ్లా? ఉండు, తెస్తా.’ స్టూలు జరిగిన చప్పుడు. నా చెప్పులు టపటపమంటూ వార్డు చివరికి పోతున్నాయి. ఆ చప్పుడు వైపే ఆవిడ అదే మాట అంటోంది, ఇంకొంచెం గట్టిగా. చెప్పుల చప్పుడు సన్నబడి, ఆగిపోయింది. ఆ తర్వాత కాసేపటికి ఆవిడా ఆపేసింది.