పుస్తకం అయిపోయిన చోట

పోయిన నెల ఒక ఉదయం మదనపల్లె నుంచి సార్ ఫోన్ చేశారు. ఆయన నాకు నేరుగా ఫోన్ చేయడం అదే మొదటిసారి. "మీ మేడం లేదమ్మా" అన్నారు. ఫోన్ పెట్టేయాలని ఇద్దరికీ తోచలేదు. అటువైపు ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినబడుతూనే ఉంది.

మేడం కుప్పం యూనివర్సిటీలో మాకు సామాజిక పరిశోధనా పద్ధతులు చెప్పేవారు. తర్వాత నా పరిశోధనకు ఆవిడే గైడు. సార్ ఆవిడ భర్త. ఎక్కడో దూరాన ఒక ప్రభుత్వ ప్రయోగశాలలో ఆప్టికల్ ఎలక్ట్రానిక్స్ పని చేసి, రిటైరయ్యాక సొంత ఊరు మదనపల్లెకు వచ్చేశారు. ఆ ప్రయోగశాలలో ఆయన ఏం తయారుచేశారో ఎవరికీ చెప్పకూడదు. మేడమ్‌కీ చెప్పలేదు.

నాది పుంగనూరు. మా ఇంట్లో నలుగురం ఉంటే నలుగురమూ ఒకేసారి మాట్లాడతాం. మొదటి క్లాసులో మేడం మమ్మల్ని జంటలుగా కూర్చోబెట్టి ఒకరినొకరు ఇంటర్వ్యూ చేయమన్నారు. నేను ఒక ప్రశ్న అడిగి, జవాబు రాకముందే ఇంకోటి అడిగాను. మేడం వచ్చి నా పక్కన నిలబడ్డారు.

"యాల అంత తొందర? ఆ పాప ఆలోచిస్తాండాది గదా. గమ్మునుండు. ప్రశ్నా నువ్వే, జవాబూ నువ్వే అయితే ఆ పాప ఈడ యాల?"

ఉద్యోగరీత్యా నోరు విప్పకూడని మనుషులు, వాళ్ల కుటుంబాలు. మేడం ఏళ్ల తరబడి చేసిన పరిశోధన అదే. అనుమతి కోసం వెళ్తే, ఆ మాట వినగానే కొందరు అధికారులు కుర్చీలో సర్దుకుని కూర్చునేవారు. మేడం ఓపిగ్గా చెప్పేవారు: "రహస్యం ఏందని మేము అడగడంలా సార్. రహస్యం ఉండే ఇంట్లో మనుషులు ఎట్ల బతుకుతాండారని అడుగుతాండాం."

ఒకసారి నన్ను సోమల దగ్గరి పల్లెకు తీసుకెళ్లారు. అక్కడ ఒకామె భర్త వేరే రాష్ట్రంలో, గట్టి కాపలా ఉండే ఒక ప్రభుత్వ స్థలంలో డ్రైవరు. ఆమె చెనక్కాయలు ఒలుస్తూ మాట్లాడింది.

"ఆడ ఏం జరుగుతాదో నాకు తెల్దమ్మా. ఆయన చెప్పడు, నేను అడగను. శానా కష్టమైంది ఏదన్నా జరిగుంటే మాత్రం తెలిసిపోతాది. సెలవుకొచ్చి కూడా అన్నం కలుపుతానే ఉంటాడు, నోట్లో పెట్టుకోడు."

మేడం చేతిలో పెన్ను ఆగిపోయింది. మామూలుగా అయితే ఆ మాట పట్టుకుని ఇంకా నాలుగు ప్రశ్నలు అడిగేవారు. ఆ రోజు పెన్ను పక్కన పెట్టి, ఆమెతో పాటు చెనక్కాయలు ఒలిచారు.

సోమలలో బస్సు కోసం నిలబడినప్పుడు తనే మొదలుపెట్టారు.

"పెళ్లైన కొత్తలో మీ సార్ ఒక పొద్దు ఎడమ కంటికి కట్టుతో ఇంటికొచ్చినారు. తోడుగా ఆఫీసాయన ఒకడు. ‘తలుపు తగిలింది’ అన్నారు మీ సార్. ఆఫీసాయనా అదే అన్నాడు, అవే మాటలు, అదే తీరు. ఇద్దరు మనుషులు అట్ల అప్పజెప్పినట్టు చెప్తే ఏమనుకోవాలని క్లాసులో మీకు చెప్తా గదా."

"తర్వాత?"

"ఆ కంటికి చూపు మళ్లా రాలా."

"మీరు అడగలేదా మేడం?"

"అడిగితే ఆయన ఇంకో అబద్ధం చెప్పాల. నేనది నమ్మినట్టు ఉండాల. యాల అది?"

బస్సు వచ్చింది. పుంగనూరులో నేను దిగేదాకా ఆవిడ కిటికీలోంచి చూస్తూనే ఉన్నారు. అప్పటినుంచి వాళ్లిద్దరినీ మదనపల్లె బజారులో చూసినప్పుడల్లా నాకు ఒకటే కనబడేది. మేడం ఎప్పుడూ ఆయనకు ఎడమ పక్కనే నడిచేవారు. ఆటో ఏదైనా ఆ పక్కనుంచి దగ్గరగా వస్తే ఆయన మోచేతిని మెల్లగా తాకేవారు. మాట మాత్రం ఆపేవారు కాదు.

సార్ మాటకారి కాదని కాదు. ఒక ఆదివారం నేను వాళ్లింటికి వెళ్లినప్పుడు, ఇంటర్నెట్ కేబుల్లో వెలుతురు వంకర తిరుగుతూ ఎలా పోతుందని అడిగాను. ఆయన మొహం వెలిగిపోయింది. ప్లాస్టిక్ సీసాకు చిల్లి పెట్టి, నీళ్లు నింపి, వెనకనుంచి టార్చి వేశారు. చిల్లిలోంచి వంగి పడుతున్న నీటి ధార వెంబడే వెలుతురూ వంగి బకెట్లోకి దిగింది. చిన్నపిల్లాడిలా సంబరపడ్డారు. "ఇదే వెలుతురుని తీగ లేకుండా గాలిలో పంపితే ఎంత దూరం పోతుంది సార్?" అన్నాను. ఆయన టార్చి ఆపేశారు. "టీ తాగుతావా అమ్మా?" అన్నారు.

వంటింట్లో మేడం టీ వడపోస్తూ చెప్పారు. "పుస్తకంలో ఉండేదంతా చెప్తారు. పుస్తకం అయిపోయిన చోట ఆగిపోతారు. ఆ చోటు యాడుండాదో నాకు తెలుసు. ఆడిదాకా నేనూ చదివినా."

నిజమే. కుప్పంలో ఆవిడ అద్దె గదిలో సమాజశాస్త్రం పుస్తకాల వెనక వరుసలో లేజర్ల గురించీ కటకాల గురించీ లావుపాటి పుస్తకాలుండేవి. అవి సార్‌వనుకునేదాన్ని. మార్జిన్లలో పెన్సిలు రాత మాత్రం మేడందే.

ఆవిడ ఆసుపత్రిలో ఉన్నప్పుడు చివరిసారి చూశాను. బాగా చిక్కిపోయారు. సార్ మందులకని కిందికి వెళ్లారు. ఆయన అడుగుల చప్పుడు దూరమయ్యేదాకా ఆగి, "నిన్న అడిగేసినా" అన్నారు.

ఆ కంటి గురించేనని నాకు చెప్పనక్కర్లేదు. "సార్ ఏమన్నారు?"

"‘ఎవురికీ చెప్పనని సంతకం పెట్టినా గదా’ అన్నారు. గోడ తట్టు తిరుక్కొని ఏడ్సినారు. ఇన్నాళ్లు అడక్కుండా ఉండి, పోయే ముందర అడిగి ఏడిపిస్తి ఆ మనిషిని."

నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ఆవిడ మళ్లీ అన్నారు: "కావాలంటే నేను పోయినాక ఇదంతా రాయి. ఆయన్ను అడిగి రాయి. పేర్లు పెట్టబాక. ఊర్లు ఉంటే ఉండనీ." ఈ వ్యాసంలో పేర్లు లేకపోవడానికి కారణం అదే. సార్‌ని ఫోన్లో అడిగాను. "మీ మేడం చెప్పిందంటే రాయమ్మా" అన్నారు.

కర్మలన్నీ అయ్యాక, ఒక మధ్యాహ్నం ఆయన్ను చూసి రావాలని మదనపల్లె వెళ్లాను. గేటు దగ్గరే పక్కింటామె ఆపింది.

"పొద్దున్నించీ మాట్లాడతానే ఉండారమ్మా. ఎవరన్నా చుట్టాలొచ్చినారేమో అనుకుంటి. పోయి చూస్తే ఎవురూ లేరు. నన్ను చూసి గమ్మునైపోయినారు. నేనిట్ల వచ్చేస్తానే మళ్లా మొదలు."

వరండాలోకి వెళ్లాను. తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల సార్ గొంతు. మాటలు తెలియడం లేదు గానీ, ఆ తీరు తెలుస్తోంది. విషయం తెలియనివాళ్లకు మొదటినుంచీ విడమరిచి చెబుతున్నట్టు, తొందర లేకుండా. మధ్యలో ఆగుతున్నారు. ఎదుటివాళ్ల సందేహం విన్నట్టు కాసేపు ఊరుకుని, మళ్లీ అందుకుంటున్నారు. మేడం బతికుండగా చెప్పలేనిది ఆయన ఇప్పుడు చెబుతున్నారు. ఇంకొక అడుగు వేస్తే నాకూ వినబడుతుంది. నేను వెనక్కి తిరిగాను.

మెట్లు దిగుతుంటే కిటికీలోంచి కనబడింది. సార్ బల్ల ముందు కూర్చుని తెల్ల కాగితం మీద ఏదో బొమ్మ గీస్తున్నారు. గీయడం అయ్యాక కాగితాన్ని తిప్పి, ఎదురుగా ఉన్న ఖాళీ కుర్చీ వైపు నిదానంగా జరిపారు. ఆ పక్కనుంచి చూసేవాళ్లకు తిన్నగా కనబడేలా సర్దారు. తర్వాత చేతులు ఒళ్లో పెట్టుకుని, చూడ్డం అయ్యేదాకా ఆగుతున్నట్టు, అలాగే కూర్చున్నారు.