తగ్గని టైలరమ్మ

మా వీధి టైలరమ్మతో కొలతల దగ్గర వాదించి గెలిచినవాళ్ళు లేరు. అలాంటి మనిషికి రక్తక్యాన్సర్ వచ్చింది. మందులు పనిచేయలేదు. ఆమె తెల్లరక్తకణాలనే బయటికి తీసి, కోరలు పీకిన వైరస్‌తో వాటిలోకి కొత్త జన్యువు పంపి, క్యాన్సర్‌ని గుర్తుపట్టేలా మార్చి తిరిగి ఎక్కిస్తామన్నారు డాక్టర్లు.

"వైరస్సా! వద్దే తల్లీ," అని వాళ్ళక్క బతిమాలింది.

"గుడ్డ నాదే కదక్కా. ఆల్టరేషన్ చేసి ఇస్తామంటే భయమెందుకు?" అంది టైలరమ్మ.

కణాలు ఎక్కించాక ఒళ్ళు పెనంలా కాలిపోయింది. అవి పోరాటం మొదలుపెట్టాయని, తాము కనిపెట్టుకునే ఉన్నామని నర్సు చెప్పినా అక్క ఏడుపు ఆపలేదు.

టైలరమ్మ వణుకుతూనే నవ్వింది. "చిన్నప్పట్నుంచీ 'తగ్గి ఉండవే' అని నాకు చెప్పీ చెప్పీ అలిసిపోయావు. నేను తగ్గానా? ఇవీ నా కణాలే అక్కా!"