తొమ్మిది మంది వంట, ఒక్క పెట్టె

ఆమెను అందరూ వదినా అనే పిలుస్తారు. నిజానికి ఆమె వదిన అయ్యేది వ్యాను నడిపే డ్రైవరు ఒక్కడికే. అతను ఆమె భర్తకు సొంత తమ్ముడు. వాడు పిలవగా పిలవగా సర్వే బృందంలో అందరి నోటా ఆ పిలుపే పడిపోయింది. కొలత గొలుసు పట్టే చైన్‌మన్ ఆమెకన్నా పదేళ్లు పెద్ద. తలకి రంగేసుకుని మరీ వదినా అంటాడు. ఆమె పట్టించుకోవడం ఎప్పుడో మానేసింది.

ఏడేళ్ల కిందటి దాకా ఆ గొలుసు పట్టింది ఆమె భర్త. కొండలెక్కీ దిగీ మోకాళ్లు అరిగిపోయి ఇంటికి చేరాడు. ఇప్పుడు కూర్చున్నచోటే కుర్చీలకి వైరు అల్లుతాడు. అతని బదులు ఆమె బృందంలో చేరింది, గొలుసుకి కాదు, వంటకి. మొదటిసారి మూడు వారాలు ఇల్లు వదలాలంటే ఏడ్చింది. ఇప్పుడు నెల దాటి ఇంట్లో ఉండాలంటే ఏడుపొస్తుంది. ఆ సంగతి భర్తకి చెప్పలేదు. చెప్పక్కర్లేదు, ఆయనకి తెలుసు.

క్యాంపులో ఆమెది ఒకటే పట్టుదల. అందరూ ఒకేసారి కూర్చోవాలి. ఒకడు ముందు తిని, ఇంకొకడు చల్లారింది తిని, మూడోవాడు అడుగంటింది గీక్కుని తినే క్యాంపులో మూడో రోజుకే కొట్లాటలు మొదలవుతాయని ఆమె నమ్మకం. నమ్మకం ఏమిటి, కళ్లారా చూసింది. అందుకే అన్నం ఒక పొయ్యి మీద, కూర ఇంకో పొయ్యి మీద ఒకేసారి దిగాలి. పిలిచాక రానివాడి కంచం బోర్లించేస్తుంది. ఆఫీసరైనా సరే.

ఇప్పుడున్న ఆఫీసరు కొత్త. ముప్పై నిండని అమ్మాయి, అందరూ మేడమ్ అంటారు. ఒక మంగళవారం ఆమె వంటమనిషిని గదిలోకి పిలిచింది.

"వదినా..." అనేసి నాలిక్కరుచుకుంది. "అదే, మీతో ఒక మాట."

"వదినే అనండి మేడమ్. ఈ ఆఫీసులో ఇంకో పేరుతో పిలిస్తే నేనే పలకను."

మేడమ్ నవ్వబోయి ఆగింది. "ఈసారి నుంచి రెండో బండి లేదు. తీసేశారు. తొమ్మిది మందిమి, పరికరాలు, టెంట్లు, అన్నీ ఒక్క వ్యానులోనే. వంటసామానుకి వెనక సీటు కింద ఒక్క పెట్టెకి చోటుంది. మీ గుండిగలు రెండు, ఆ ఇనప మూకుడు... పట్టవు."

"పైన కట్టుకుందాం."

"పైన టెంట్లు."

"నా ఒళ్లో పెట్టుకుంటా."

"గుండిగనా?"

మేడమ్ కాగితాల వైపు చూస్తూ మిగతాది చెప్పింది. "లేదంటే పొట్లాల తిండి ఉంది. వేడినీళ్లు పోసుకుంటే చాలు, ఎవరిది వాళ్లు తినేస్తారు. అప్పుడు వంటకి మనిషి అక్కర్లేదు కదా. నాకూ ఇష్టమై చెప్పడం లేదు. కావలసిన గిన్నెలు ఆఫీసు కొనిస్తుంది. శనివారం ఇక్కడే వాకిట్లో వండి, తిని, కడిగి, అన్నీ పెట్టెలో సర్ది చూపించండి. మూత పడితే సోమవారం మీరూ వస్తారు."

మూత పడకపోతే ఏమిటన్నది మేడమ్ చెప్పలేదు, వదిన అడగలేదు.

మర్నాడు మరిది నెత్తిన ఆ సీటు కింద పట్టే ఖాళీ రేకుపెట్టె ఎత్తించి గిన్నెల కొట్టుకి బయల్దేరింది. కొట్టాయన ముందు పెట్టెను చూశాడు, తర్వాత ఆమెను చూశాడు.

"పెట్టెతో వచ్చావేంటమ్మా, ఊరొదిలి పోతున్నావా?"

"పోవడానికే ఈ పాట్లు. తొమ్మిది మంది వంట ఇందులో పట్టాలి. పట్టేదాకా నీ కొట్టు కదలను."

కొట్టాయన హుషారుగా లోపలికెళ్లి తళతళలాడే సెట్టు ఒకటి తెచ్చాడు. ఒకదాంట్లో ఒకటి దూరిపోయే గిన్నెలు, మడిచే పిడులు. పిడి అలా తిప్పితే గిన్నెకి అంటుకుపోతుంది.

"అబ్బ, వదినా, ఇదిగో!" డ్రైవరు కళ్లు మెరిశాయి. "నీ కోసమే చేసినట్టుంది. పట్రా, పోదాం."

"ఉండరా, నీకన్నిటికీ తొందరే." ఆమె కొట్టాయన వైపు తిరిగింది. "పెద్దదాన్నిండా నీళ్లు పోసి, ఆ పిడి పట్టుకుని గుమ్మం దాకా నడిచి రా."

ఆయనకి పౌరుషం వచ్చింది. తనే నీళ్లు నింపి, తనే ఎత్తాడు. ఒక అడుగు, రెండడుగులు. మూడో అడుగులో పిడి బిగించిన సీల కిర్రుమంది. పిడి మడతపడింది. నీళ్లన్నీ ఆయన పాదాల మీద.

"ఇంకా నయం, చన్నీళ్లు," అంది వదిన. "అక్కడైతే సలసలా కాగే గంజి. నా కాళ్లు పనికిరాకుండా పోతే మా ఇంట్లో ఇద్దరం కలిసి కుర్చీలల్లుకోవాలి."

కొట్టాయన పంచె పిండుకున్నాడు. ఆ తర్వాత ఆయన చూపించడం మానేశాడు, ఆమె ఏరుకోవడం మొదలుపెట్టింది. పల్చటి స్టీలు వద్దంది, కట్టెల మంట తగిలితే అన్నం మధ్యలో మాడి చుట్టూ పలుకుగా ఉంటుంది. నిలువు గోడల గిన్నెలు వద్దంది, ఒకదాంట్లో ఒకటి ఇరుక్కుపోతాయి. గుండ్రటి అడుగు వద్దంది, సర్దితే దొర్లుతుంది. చివరికి మందపాటి అల్యూమినియం గిన్నెలు మూడు దొరికాయి. పెద్దది, నడిమిది, చిన్నది. పిడుల్లేవు. అంచు బయటికి వంగి ఉంది, పట్టకారుతో పట్టుకుంటే జారదు. ఇంటినుంచి తెచ్చిన బియ్యం పెద్దదాంట్లో గుప్పెళ్లతో కొలిచి, అది ఉడికి మూడింతలైతే ఎక్కడికొస్తుందో వేలితో గీత గీసి చూసుకుంది. గీత అంచుకి కిందే ఉంది.

పెద్ద గిన్నెను నేల మీద బోర్లించి మరిదికి చూపించింది. "కూర్చో."

"బజార్లోనా? వదినా, నా పరువు..."

"నీ పరువుతో నాకు పనిలేదు. నీ బరువు కావాలి."

కూర్చున్నాడు. ఎనభై కిలోల మనిషి. లేచాక ఆమె అంచు చుట్టూ బొటనవేలు తిప్పింది. ఎక్కడా సొట్ట లేదు.

మూతలు కూడా లోతుగా ఉన్నవే తీసుకుంది, తిరగేస్తే వేపుడు మూకుడవుతాయి. కంచాలు తొమ్మిది, గ్లాసులు తొమ్మిది, గరిటెలు రెండు, పట్టకారు ఒకటి. కొట్టులోనే అన్నీ సర్ది పెట్టె మూత వేసింది. టక్కుమని పడింది. కొట్టాయన కూడా చప్పట్లు కొట్టాడు, బహుశా ఈమె వెళ్లిపోతుందన్న ఆనందంతో.

శనివారం ఆఫీసు వాకిట్లో ఇటుకలతో రెండు పొయ్యిలు పెట్టింది. పెద్దదాంట్లో అన్నం, నడిమిదాంట్లో కూర ఒకేసారి దిగాయి, వెంటనే చిన్నది టీ నీళ్లతో ఎక్కింది. తొమ్మిది కంచాలు ఒకేసారి నిండాయి. చైన్‌మన్ రెండోసారి వడ్డించుకుంటూ, "పొట్లాల్లో ఇది దొరుకుతుందా మేడమ్?" అని పనిగట్టుకుని గట్టిగా అడిగాడు.

"తినండి ముందు," అంది మేడమ్. ఆమె కూడా రెండోసారి పెట్టించుకుంది.

తర్వాత కడగడం. వదిన క్యాంపులో ఎలా కడుగుతుందో ఇక్కడా అలాగే కడిగింది. కొండ మీద నీళ్లు ఎక్కడినుంచో మోసుకురావాలి, అందుకని గిన్నెలు లోపల మాత్రమే తోముతుంది. బయట మసి అలాగే ఉంటుంది. ఇదివరకు ఒక్కో గిన్నెకి ఒక్కో గోనెసంచి ఉండేది, మసి గొడవ సంచే చూసుకునేది. ఏడేళ్లలో గిన్నెలో గిన్నె పెట్టే అవసరం రాలేదు.

నడిమి గిన్నెను పెద్దదాంట్లో పెట్టబోయి చెయ్యి ఆపింది. నడిమిదాని ఒళ్లంతా నల్లగా ఉంది. తళతళా తోమిన పెద్దదాని కడుపులోకి అది దిగాలి. కొట్టులో అన్నీ కొలిచింది, మసిని కొలవలేదు.

గోనెగుడ్డలు తెప్పించింది. గుడ్డ చుట్టి నడిమిది దించితే అది ఒక వేలెత్తు పైకి నిలబడింది. చిన్నదానికీ చుట్టి దించితే ఇంకో వేలెత్తు. పెట్టె మూత వేసింది. పడలేదు. రెండు వేళ్ల సందు. కూర్చుని నొక్కినా అంతే.

డ్రైవరు వంగి చెవిలో గొణిగాడు. "గుడ్డలు తీసెయ్ వదినా. ఇవాళ్టికి మూత పడితే చాలు. మేడమ్‌కేం తెలుస్తుంది?"

నిజమే, తెలియదు. గుడ్డలు తీసేస్తే టక్కుమని పడుతుంది, సోమవారం బండెక్కొచ్చు. ఆమె చెయ్యి గుడ్డ మీదికి వెళ్లింది కూడా. అక్కడే కాసేపు ఉంది.

"మంగళవారం నుంచి మీ అందరికీ నల్లన్నం పెట్టనా?" అని పైకే అంది.

అని, పెట్టెలోంచి నడిమి గిన్నె తీసి పక్కన నేల మీద పెట్టేసింది. చిన్నదానికి గుడ్డ మళ్లీ చుట్టి పెద్దదాంట్లో దించింది. ఒక్క గుడ్డే కాబట్టి చిన్నది లోతుగా దిగిపోయింది. మూత వేసింది. పడింది.

"ఇదీ మేడమ్ నా వంటిల్లు," అంది ఆయాసపడుతూ. "పెద్దదాంట్లో అన్నం, చిన్నదాంట్లో కూర, రెండూ ఒకేసారి. కూర కొంచెం తగ్గుతుంది, అంచుదాకా వండుతా. కానీ వేడినీళ్లకీ టీకీ వేరే గిన్నె లేదు. తిన్నాక పెద్దది కడిగితేనే టీ. అరగంట పడుతుంది. మీకు టీ వెంటనే కావాలంటే నన్ను వదిలెయ్యండి. నేను కావాలంటే టీ ఆలస్యం."

మేడమ్ గిన్నె పక్కన కూర్చుని మసి మీద వేలు రాసింది. వేలు నల్లబడింది. పల్చటి గుడ్డలతో కుదరదా అని అడిగింది. అందులోంచి మసి దిగిపోతుందని చెప్పింది వదిన.

"అరగంటంటే మరీ అన్యాయం," అన్నాడు చైన్‌మన్.

"నువ్వు మూడోసారి వడ్డించుకోకుండా ఉంటే ఇరవై నిమిషాల్లో ఇస్తా."

అందరూ గొల్లుమన్నారు. మేడమ్ నవ్వుతూనే లేచి, వేలు తుడుచుకోవడానికి ఏదీ కనబడక గోనెగుడ్డకే తుడిచింది. "సోమవారం ఆరింటికి బండి. ఆలస్యం చేస్తే నేనూ కంచం బోర్లిస్తాను వదినా."

ఈసారి నాలిక్కరుచుకోలేదు.

ఆ సాయంత్రం వదిన నడిమి గిన్నెను చంకలో పెట్టుకుని ఇంటికెళ్లింది. భర్త అల్లుతున్న కుర్చీ మీంచి తలెత్తాడు.

"ఏమైంది?"

"సోమవారం పోతున్నా."

ఆయన వైరు బిగించి ముడి వేశాడు. తర్వాత గిన్నె వైపు చూశాడు. "మరి ఇదేంటి?"

"పెట్టెలో పట్టలేదు. మేడమ్ ఉంచుకోమంది. నువ్వు వండుకోవడానికి."

"ఒక్కడికి ఇంత గిన్నా? ఊరంతా తినొచ్చు."

"రెండు పూటలకీ ఒకేసారి వండుకో. మోకాళ్లతో పొయ్యి దగ్గరికి మాటిమాటికీ లేవక్కర్లేదు," అంటూ ఆమె గిన్నెతో పెరట్లోకి నడిచింది. ఇంట్లో నీళ్లకి కరువు లేదు. కొంగు దోపుకుని, బయటి మసి తోమడానికి కూర్చుంది.