గోనెసంచికి మూడో గడి

చాచా పోయాడని మొన్న సోమవారం ఖమ్మంలో బస్సు దిగీ దిగకముందే తెలిసింది. ఆయన దుకాణంలో సంచులు కుట్టే అక్క బస్టాండు బయట కనబడింది. "చాచా పోయిండు తమ్మీ, శుక్రారం నమాజు యాళ్లకు," అంది. నేను నిలబడిపోతే, "దుకాణం తీసే ఉంది, రా," అని ముందు నడిచింది.

మార్కెట్ యార్డు వెనక సందులో పాత గోనెసంచుల దుకాణం చాచాది. చినిగినవి కొనేవాడు, దులిపేవాడు, అక్కతో పాటు మరో నలుగురు ఆడవాళ్లను కూర్చోబెట్టి కుట్టించేవాడు, తనూ కుట్టేవాడు, మళ్లీ అమ్మేవాడు. ఇలాంటి మనిషి పోతే ఏ పత్రికా రెండు ముక్కలు రాయదు. నేను రాయాలి. ఎందుకంటే ఆయన పనిని ఈ దేశపు లెక్కల్లోంచి కొట్టేసిన చేతుల్లో ఒకటి నాది.

డెబ్భైల చివర్లో డిగ్రీ చేత పట్టుకుని ఖాళీగా తిరుగుతున్నప్పుడు ఒక సర్వేలో తాత్కాలికంగా కుదిరాను. సరుకులు దేంట్లో కట్టి పంపుతున్నారు, అందులో ఎంత వృథా అవుతోంది అని దేశమంతటా తీసే లెక్క అది. ఫారంలో రెండే గళ్లు: కొత్తవి, వ్యర్థం. చినిగినవీ అతుకు పడ్డవీ వ్యర్థం కింద రాయాలని సూచనల పుస్తకంలో ఉంది. నేను చాచా దుకాణంలో సంచుల దొంతర మీద కూర్చుని, పుస్తకం చెప్పినట్టే రాశాను. ఏం రాశావని అడిగాడు. కొత్తవి సున్నా, మిగతావన్నీ వ్యర్థం అని చదివి వినిపించాను.

"అవ్ బేటా, గా వ్యర్థం మీదనే కూసున్నవ్. మెత్తగుందా?" అన్నాడు. లోపల ఆడవాళ్లు నవ్వారు. చాచా నవ్వకుండా నాకు చాయ్ తెప్పించాడు.

ఆ చాయ్ చల్లారేలోపు ఆయన నాకు నేర్పింది, తర్వాత నేను చదివిన లావుపాటి పుస్తకాలు నేర్పలేదు. చాచా సంచులు కుట్టే సుతిలి దారం రంగు ఏటా మార్చేవాడు. ఒక ఏడు ఎరుపు, ఒక ఏడు నీలం, ఒక ఏడు పసుపు. సంచి మీద ఎన్ని రంగుల కుట్లుంటే అన్నిసార్లు అది చచ్చి బతికినట్టు. రెండు రంగుల దాకా వడ్లకు పనికొస్తుంది. అంతకు మించితే బరువు మోయలేదు, మిర్చికి పోవాలి. మిర్చి ఎక్కిన సంచి మళ్లీ తిండిసరుకు ముఖం చూడకూడదు, బొగ్గులకో అడ్డాకులకో పోవాలి. అదీ చినిగితే గడప ముందు కాళ్లు తుడుచుకునే పట్టా. "దీన్ల వ్యర్థం యాడుందో సూపియ్యి," అన్నాడు.

ఫారం తిరగేసి చూశాను. చచ్చి బతికిన సంచికి అందులో గడి లేదు. ఫారం అలాగే పై ఆఫీసుకు వెళ్లింది.

ఏ సంచినైనా ముందు వాసన చూసేవాడు చాచా. దబ్బనాన్ని గుమాస్తా పెన్ను పెట్టుకున్నట్టు చెవి మీద పెట్టుకునేవాడు. ఒకసారి చర్ల అడవుల వైపు ఇప్పపువ్వు కొనే వ్యాపారి వచ్చి, చవగ్గా వస్తాయని మిర్చి సంచులు అడిగాడు. అడవిలో వాళ్లకు అన్నీ చెల్లుతాయి లెమ్మన్నాడు. చాచా ఒక మిర్చి సంచి తిరగేసి అతని ముఖం ముందు ఒక్కసారి దులిపాడు. వ్యాపారి తుమ్మీ తుమ్మీ కళ్లు తుడుచుకుంటుంటే, "గా పువ్వు పిల్లలు తింటరు సేఠూ," అని మాత్రం అన్నాడు. అంత ఉపన్యాసం తర్వాతి రోజుల్లో నేను రాసిన పదిహేను కరపత్రాల్లో కూడా రాయలేకపోయాను.

మీరంటారు, ఒక గడి లేకపోతే మునిగిందేముందని. కొన్నేళ్లకు వ్యాపారుల సభ ఒకటి జరిగింది. ఒక పెద్దమనిషి అచ్చయిన నివేదిక పైకెత్తి చూపి, గోనె అంతా వృథా అవుతోందని సర్కారు లెక్కలే చెబుతున్నాయి, ప్లాస్టిక్ సంచులకు మారదామన్నాడు. నేను లేచి అరిచాను. ఆ లెక్కల్లో నేను రాసిన అబద్ధం ఉందన్నాను. చాచా ఏడు రంగుల కుట్లున్న సంచి ఒకటి తెచ్చి బల్ల మీద పరిచాడు. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. ఆ సంవత్సరమే మార్కెట్లోకి తెల్ల ప్లాస్టిక్ సంచులు దిగాయి. కుట్టే ఐదుగురిలో ముగ్గురు మిర్చి తొడిమెలు తీసే పనికి పోయారు.

చినిగిన తెల్ల సంచినీ చాచా వదల్లేదు, కుట్టి చూశాడు. దబ్బనం దిగిన చోటల్లా బారుగా చీలిపోయింది. "సూదిని ఓర్సుకోని దానికి ఆయుష్షు యాడిది బేటా," అన్నాడు. నన్ను క్షమించమని నేను ఆయన్ను అడిగింది ఆ రోజే. తప్పు నీది కాదు, నీ కాగితంలో జాగా లేదు అన్నాడు. ఈ మాట నాకు ఊరటనివ్వలేదు. జాగా లేని కాగితం మీద సంతకం పెట్టింది నేనే కదా. ఇప్పటికీ ఎక్కడ గణాంకాలు చూసినా నాకు మొదట వచ్చేది కోపమే: ఎన్ని పారేశారో లెక్కేస్తారు, ఎన్ని పారేయకుండా ఆపారో, ఎవరు ఆపారో ఎప్పుడు లెక్కేస్తారు?

సోమవారం దుకాణంలో చాచా కూర్చునే చోట ఒక సంచి సగం కుట్టి ఉంది. ఈ ఏటి రంగు ఆకుపచ్చ. దబ్బనం అతుకులోనే ఆగింది. ఆ సంచి నాకిమ్మని అక్కను అడిగాను. ఆయన గుర్తుగా ఇంట్లో దాచుకుంటానన్నాను.

అక్క నా వైపు చూసింది. "ఇంట్ల పెట్టుకుంటే అది వ్యర్థమే అయితది గద తమ్మీ."

కూర్చుని, చాచా ఆపిన కుట్టు దగ్గరే మొదలుపెట్టింది. అతుకు మూసి, ముడివేసి, సుతిలి పళ్లతో తెంపింది. వాసన చూసి, ఇప్పపువ్వుకు చర్ల పోయే సంచుల దొంతరలో వేసింది. సాయంత్రం చర్ల లారీ భద్రాచలం రోడ్డెక్కేటప్పుడు తాడు కింద నొక్కుకున్న ఆ సంచి కనబడింది. సగం చాచాది, సగం అక్కది, ఒకటే ఆకుపచ్చ గీత. ఎక్కడ చెయ్యి మారిందో పోల్చుకుందామని చూశాను. పోల్చుకోలేకపోయాను.