మరిడమ్మ గారు పక్కన పడేసిన ఇనప ముక్క

రాజమండ్రిలో సైకిలు మోటారు కొన్నప్పుడు నేను చేసిన బేరం మా వీధిలో ఇంకెవరూ చేయలేరు. బోణీ వేళకు వెళ్ళాను. మొదటి బేరగాణ్ణి ఏ కొట్టాయనా వట్టి చేతులతో పంపడు. కిరాణా కొట్టు గల్లాపెట్టె పక్కన పెరిగినవాణ్ణి, ఆ మాత్రం తెలియదా! మోటారు పెట్టెలోని సామానంతా బల్ల మీద పరిపించి, ఒక ఇనప పట్టీని చూపించి, "ఇది నాకొద్దు, దీని ధర తీసెయ్యండి" అన్నాను. "టార్క్ ఆర్మ్ అండి, ఉండాలండి" అన్నాడాయన. "నట్టు బిగిస్తే చాలదేంటండీ?" అన్నాను. బోణీ పోగొట్టుకోలేక తీసేశాడు. గెలిచాను. ఈవేళ మా కొట్టు ఎదురుగా ఎవరో ఆకురాయితో గేటు ఊచ అరగదీస్తుంటే, ఆ కీచు శబ్దానికి పళ్ళు జివ్వుమని, ఆ గెలుపూ మరిడమ్మ గారూ ఒక్కసారే గుర్తొచ్చారు.

మోటారు అక్క కోసం. రావులపాలెంలో అక్క ఇంట్లో వండి, అరటి మార్కెట్లో కొట్లవాళ్ళకు మధ్యాహ్నం క్యారేజీలు అందిస్తుంది. కాలవ వంతెన ఎక్కేసరికి మోకాళ్ళు పట్టేస్తున్నాయంటే, వెనక చక్రంలో మోటారు నేనే బిగించాను. బియ్యం బస్తా కట్టుకుని వంతెన మీద పరీక్షకు బయలుదేరాను. ఎత్తులో జోరు పెంచగానే టక్‌మంది. ఇరుసు గిర్రున తిరిగి, అందులోంచి వచ్చే వైరును మెలిపెట్టి తెంపేసింది. చక్రం ఒరిగింది, నేను రోడ్డు మీద, బియ్యం నా మీద. వెనకొచ్చే లారీ ఆగింది కాబట్టి ఇది రాస్తున్నాను. మర్నాడు ఆ సైకిలు ఎక్కాల్సింది అక్క.

మరిడమ్మ గారిది రావులపాలెం బస్టాండు పక్క సైకిలు షాపు. భర్త పోయాక ఇరవై ఏళ్ళుగా ఆవిడే నడిపేవారు. కళ్ళజోడుకు నల్లదారం, చీరకొంగు నడుముకు బిగించి. సైకిలు ఆవిడ దగ్గరికి మోసుకెళ్ళాను.

"ఎవరు బిగించారు బాబూ?"

"నేనేనండి."

"తెలుస్తానే ఉంది. టార్క్ ఆర్మ్ ఏదీ?"

బేరం సంగతి చెప్పాను, కాస్త గర్వంగానే. ఆవిడ నవ్వలేదు. "మోటారు చక్రాన్ని ముందుకు తోస్తే, ఇరుసు వెనక్కి తిరగాలని చూస్తది. దాన్ని పట్టుకునే చెయ్యి అది. ఆ చెయ్యే వద్దనేసొచ్చావు."

వైరు మార్పించి, అక్కను వెంటబెట్టుకుని మోటారు మళ్ళీ తెచ్చాను. కొత్త ఆర్మ్‌కి ఆవిడ మూడు వందలన్నారు. రెండు వందల యాభైకి దింపాను. మందపాటి ఇనప ప్లేటు కోసి, ఇరుసు చదును పక్కలకు సరిపడా గాడి తీసి తొడిగారు. సులువుగా దిగింది.

"భలే సరిపోయిందండీ!"

నా వేలు పట్టుకుని ప్లేటు మీద పెట్టారు. "కదుల్తుందా?"

"వెంట్రుక వాసి."

"మోటారు వేసినప్పుడల్లా ఆ వెంట్రుకలో సుత్తి దెబ్బే. పది రోజుల్లో ఆ సందులో వేలు దూరుద్ది."

"రెండోదానికి నేను డబ్బులివ్వనండీ," అన్నాను ముందు జాగ్రత్తగా.

"నువ్వెక్కేదైతే ఇదే బిగించి పంపేద్దును. ఎక్కేది అక్క కదా!" అంటూ దాన్ని పక్కన పడేశారు.

ఇంకో ప్లేటు కోసి ఈసారి గాడి బిగువుగా తీస్తూ, ఆ పూట ఆవిడ అన్నానికి లేవలేదు. రెండుసార్లు ఆకురాయి తోయడం, తొడిగి చూడడం, మళ్ళీ రెండుసార్లు తోయడం. చివరికి ప్లేటు చేత్తో దిగక, చెక్క సుత్తితో మెల్లగా తడితే దిగింది. రెండో కొసను ఫ్రేము కడ్డీకి క్లాంపుతో బిగించారు. అక్కను అడిగి ఎర్ర గోళ్ళరంగు తెప్పించి, నట్టు మీదనుంచి ప్లేటు దాకా ఒకే గీత గీశారు. "రోజూ పొద్దున్నే ఇది చూడమ్మా. గీత విడిపోతే మాత్రం ఎక్కకు."

తర్వాత బియ్యం బస్తాతో నన్ను మూడుసార్లు వంతెన ఎక్కించారు. దిగిన ప్రతిసారీ మోకాళ్ళ మీద కూర్చుని గీత చూశారు. చెదరలేదు. అప్పుడు మాత్రమే అక్కతో, "ఇంక ఎక్కమ్మా" అన్నారు.

ఇప్పుడు నా కొట్లో ఎవరైనా ఫలానాది తీసేసి ధర తగ్గించమంటే, అది ఎందుకుందో ముందు చెప్తాను. అలా కొన్ని బేరాలు పోయాయి కూడా.

ఇక లెక్క. రాజమండ్రిలో నేను తగ్గించుకున్నది నాలుగు వందలు. వైరుకు పదకొండు వందలు, మరిడమ్మ గారికి రెండు వందల యాభై. నా నష్టం తొమ్మిది వందల యాభై. పడేసిన మొదటి ప్లేటు ఇనుమూ, పూట పనీ, ఒక భోజనమూ ఆవిడ నా బిల్లులో వేయలేదు. అడగలేదు కదా అని నేనూ ఇవ్వలేదు. కిందటేడు ఆవిడ పోయారు. బిల్లుకెక్కని ఆ నష్టం ఆవిడే భరించారు.