ఒక్క కడుపున పుట్టినోళ్లు

వనపర్తి ఇంకా జిల్లా కాని రోజులు. కొత్తకోటలో ఎక్కిన బస్సులో, నా పక్కన కూర్చున్నామె జ్వరంతో ఉన్న చిన్న కొడుకు కోసం నీళ్ల సీసా మూతలో గోలి వేసి వేలితో కరిగిస్తోంది. ఏం గోలి అని అడిగాను.

“మలేరియాది అన్నా. దవాఖానల పెద్దోనికిచ్చిన్రు, తగ్గింది. మిగిలినయి వీనికేస్తున్న. ఒక్క కడుపున పుట్టినోళ్లే గద, పడదా?”

“మేమూ గంతేనమ్మా. ఇదే గోలి నేను, మా తమ్ముడు ఇద్దరం మింగినం. నాకు తగ్గింది. తమ్మునికి మూత్రం నల్లగ వచ్చింది. గోలి పడని రక్తమంట. తల్లి దిక్కునుంచి వస్తదంట, ఒకనికుంటది, ఒకనికుండదు. రక్తం పరీక్ష చేయించినంకనే ఎయ్యి.”

“మల్ల మీ తమ్మునికి తగ్గిందా?”

“దక్కలేదమ్మా.” ఆమె నా ముఖంలోకి చూసి, మూతలోని నీళ్లు కిటికీలోంచి పారబోసింది. చుక్కయినా తగలని పిల్లవాడి పెదాలను కొంగుతో తుడిచింది. వనపర్తి వచ్చేదాకా తుడుస్తూనే ఉంది.