ఇనుప తెర చూసొచ్చిన యలమంద

యలమందకి నిప్పంటే భయం. ఆ భయం పుట్టుకతో వచ్చింది కాదు, మాస్కోలో అంటుకుంది.

నరసరావుపేట పక్క పల్లెలో మిరప పండించే కుటుంబం వాళ్లది. అన్నలు పొలంలోకి దిగితే యలమంద నాటకాల వాళ్ల వెంట పడ్డాడు. వేషం కట్టే గొంతూ లేదు, ధైర్యమూ లేదు. తెరతాళ్లు లాగడం, లైట్లు కట్టడం నేర్చుకున్నాడు. పందొమ్మిది వందల ఎనభై ఏడులో రష్యాలో మన దేశపు ఉత్సవాలు జరిగినప్పుడు, ఇటునుంచి వెళ్లే ఒక కళాబృందానికి తెర మనిషి కావాల్సొచ్చింది. ఎవరో యలమంద పేరు చెప్పారు. అలా జిల్లా పొలిమేర దాటని మనిషి విమానం ఎక్కాడు.

ఒక పగటిపూట వాళ్లని బొల్షోయ్ థియేటర్ చూపించడానికి తీసుకెళ్లారు. బొల్షోయ్ అంటే పెద్దది అని అర్థమట. ఎనిమిది స్తంభాలు, వాటి నెత్తిన నాలుగు గుర్రాల రథం. లోపల ఎర్ర మఖమలు కుర్చీలు, అంతస్తు మీద అంతస్తుగా బంగారు రంగు వసారాలు. మిగతావాళ్లంతా పైన వేలాడే దీపాల గుత్తిని చూస్తూ నోరు తెరిచారు. యలమంద మాత్రం దుబాసీ అమ్మాయిని బతిమాలి స్టేజీ పక్కకి వెళ్లాడు. అతనికి తాళ్లు చూడాలని ఉంది.

అక్కడ యూనిఫాం వేసుకున్న ఒక ముసలాయన ముక్కాలిపీట మీద కూర్చుని ఉన్నాడు. ఫైర్‌మన్. ఆట జరిగినా జరగకపోయినా అక్కడే ఉండటం ఆయన పని. యలమంద కూడా తెర లాగేవాడేనని దుబాసీ చెప్పగానే ఆయన లేచి భుజం తట్టి, పైకి చూడమన్నాడు. గోడంత ఇనుప రేకు ఒకటి పైన పొంచి ఉంది. మీట నొక్కితే అది దిగి స్టేజీకీ జనానికీ మధ్య నిలబడుతుంది.

ఇనుప తెర అనే మాట యలమంద అంతవరకు పేపర్లోనే చదివాడు. రష్యాని తిట్టడానికి వాడే మాట అనుకున్నాడు.

"ఇదెందుకండీ?" అన్నాడు.

"నిప్పుకి," అన్నాడు ముసలాయన, దుబాసీ నోటి మీదుగా. "ఈ చోటికి నిప్పు బాగా అలవాటు."

ఆ మీదట ఆయన చెప్పింది యలమంద జీవితాంతం మర్చిపోలేదు. మొదట కట్టిన థియేటరు పద్దెనిమిది వందల అయిదులో కాలిపోయింది, ఇంకాసేపట్లో ఆట మొదలవుతుందనగా. ఇరవై ఏళ్లకి అదే చోట ఇంకా పెద్దది లేపారు. అదీ పద్దెనిమిది వందల యాభై మూడులో ఒక పొద్దున అంటుకుంది. తెరలు, చెక్క, దుస్తులు, పాటల కాగితాలు అన్నీ పోయి, బయటి రాతి గోడలూ స్తంభాలూ మిగిలాయి. కప్పు మీద ముగ్గురు పనివాళ్లు చిక్కుకుపోయారు. ఇద్దరు వేడి తట్టుకోలేక దూకి చచ్చిపోయారు. మూడోవాణ్ణి, ఆ దారిన పోతున్న ఒక పల్లెటూరి మనిషి గోడకున్న వాననీళ్ల గొట్టం పట్టుకుని పైకి పాకి తాడందించి దించాడు. మూడేళ్లలో మళ్లీ కట్టారు. ఇప్పుడు నిలబడింది అదే. హిట్లర్ యుద్ధంలో దాని ముందు గోడని చీల్చుకుని బాంబు లోపల పడితే, యుద్ధం జరుగుతుండగానే బాగు చేసుకున్నారు.

తర్వాత ఆ కథ విన్న బృందం వాళ్లంతా తాడందించినవాణ్ణి మెచ్చుకున్నారు. యలమందకి మాత్రం దూకిన ఇద్దరే కళ్లలో నిలిచిపోయారు. కింద రాయి, వెనక మంట.

తిరిగొచ్చాక మనిషి మారిపోయాడు. ఏ హాల్లో అడుగుపెట్టినా ముందు వైర్లు వాసన చూసేవాడు, తర్వాత తలుపులు తోసి చూసేవాడు. పెళ్లి భోజనాల్లో గుమ్మం పక్క ఆకు దొరక్కపోతే తినకుండా వచ్చేసేవాడు. బృందంలో మేకప్ చేసే కోటేశ్వరిని పెళ్లాడాడు. ఆమె నవ్వి, "మా మావ నిద్దట్లో కూడా తలుపులు తడువుకుంటాడు" అనేది. బొల్షోయ్ గోడలు బీటలిచ్చాయని, రిపేర్లకి ఏళ్ల తరబడి మూసేశారని పేపర్లో వచ్చిన రోజు, "చూశావా, అంత గోడలకే దిక్కులేదు" అని ఆమెకి చదివి వినిపించి, ఆ నెలలో ఒప్పుకున్న ఆటలన్నీ మానేశాడు.

పోయిన ఏప్రిల్లో మార్టూరులో నాటక పోటీలు పెట్టారు. కొత్త ఏసీ కల్యాణ మండపం, నేలంతా అద్దంలాంటి గ్రానైట్. మధ్యాహ్నం ఆట. యలమంద వెళ్లగానే వాసన పట్టాడు. స్టేజీ పక్క గదిలో కప్పు దాకా మిరపకాయ టిక్కీలు పేర్చి ఉన్నాయి. ఎండుకాయ తొక్కి కుట్టిన గోనె బస్తాలవి. కోల్డ్ స్టోరేజీలు నిండిపోయాయని మండపం ఓనరు తన సరుకు అక్కడ పడేశాడు. వాటి మీదుగా ఏసీ వైర్లు పోతున్నాయి. వెనక తలుపుకి గొలుసు వేసి తాళం బిగించారు.

మేనేజరు చైతన్యకృష్ణ దగ్గరికి వెళ్లి, "బాబూ, ఆ వెనక తలుపు తీయించండి" అన్నాడు.

"తీస్తే చల్లదనం అంతా పోద్ది. జనం నన్ను తిడతారు. ముందు తలుపు ఉందిగా?"

"ఆ గదిలో గనక అంటుకుంటే..."

"ఆట మొదలవబోతుంటే ఏం మాటలయ్యా అవి! నీ పని తెర లాగడం. లాగు."

యలమంద వెనక్కొచ్చాడు. ఇంటికెళ్లిపోదామని సంచి తీశాడు. అప్పటికే జనం నిండిపోయారు. ముందు వరసలో పసిపిల్లలతో ఆడవాళ్లు కూర్చున్నారు. వాళ్లని చూశాక కాళ్లు కదల్లేదు. తెరతాడు ముంజేతికి చుట్టుకుని స్టేజీ మూల కూలబడ్డాడు.

ఆట మొదలుకి మూడో గంట కొట్టారు. తెర లేవలేదు. ఈలలు మొదలయ్యాయి. పోటీల కార్యదర్శి లక్ష్మీనరసింహం గారు పరుగున వచ్చారు.

"ఏంటయ్యా ఇది? జడ్జీలు చూస్తున్నారు!"

"తలుపు తీస్తేనే తెర లేపుతానండి."

"నీకేమన్నా మతి పోయిందా?"

"భయమేస్తందండి," అన్నాడు యలమంద. కళ్లలో నీళ్లు తిరిగాయి. "నాకు శానా భయమేస్తంది. తాళం తీయించండి."

కోటేశ్వరి రంగు చేతులతోనే వచ్చి మొగుడి పక్కన నిలబడింది. "కార్యదర్శి గారూ, ఈయన మొండోడు కాదు, పిరికోడు. పిరికోడు ఇంతమందిలో కూర్చుని ఇట్టా అడుగుతున్నాడంటే ఆలోచించండి. గొలుసు తీస్తే మీ సొమ్మేం పోద్ది?"

ఆయన విసుక్కుంటూ వెళ్లి చైతన్యకృష్ణ జేబులోంచి తాళంచెవి లాక్కుని గొలుసు తీయించారు. టిక్కీలు మాత్రం కదల్లేదు. తెర లేచింది.

రెండో రంగంలో ఎవరో తుమ్మారు. తర్వాత ముందు వరసంతా దగ్గు అందుకుంది. అంతలోనే ఏసీలు ఆగిపోయి హాలు చీకటైంది. పక్క గది తలుపు సందుల్లోంచి ఎర్రటి వెలుగు, దాని వెంట పొగ. మిరపకాయ పొగ కళ్లు తెరవనివ్వదు, ఊపిరి పీల్చనివ్వదు. చంటిపిల్లల ఏడుపు ఒక్కసారిగా తెగిపోయి దగ్గుగా మారింది. సగం జనం ముందు తలుపుకి, సగం వెనక తలుపుకి పడ్డారు.

ఇన్నేళ్లుగా ఈ క్షణానికే భయపడుతూ వచ్చిన యలమంద, తీరా అది వచ్చాక బిగుసుకుపోయాడు. తాడు పట్టుకుని అలాగే కూర్చున్నాడు. కోటేశ్వరి తడి తువ్వాలు అతని మొహాన కొట్టి, జబ్బ పట్టుకుని, దిమ్మెని ఈడ్చినట్టు ఈడ్చుకుంటూ వెనక తలుపులోంచి బయట పడేసింది.

ఎండలో కూర్చుని అందరూ కక్కుతున్నారు. అప్పుడు లక్ష్మీనరసింహం గారు అడిగారు, "నసీమున్నీసా ఏదీ?"

నసీమున్నీసా నాటకానికి సంగీతం వినిపించే మనిషి. కీబోర్డుతో మేడ మీది గదిలో కూర్చుంటుంది. ఆ మెట్లు హాల్లోంచే ఎక్కాలి.

జనం మండపం పక్కకి పరుగెత్తారు. మేడ మీది కిటికీ రెక్క బద్దలైంది. ఆమె బయటికొచ్చి సన్‌షేడ్ మీద నిలబడింది. వెనక నల్లటి పొగ. కింద పరిచిన గ్రానైట్ పలకలు. కళ్లు మూసుకుపోయి, ఎటు అడుగేస్తుందో ఆమెకే తెలియడం లేదు.

"దూకమ్మా! పట్టుకుంటాం!" అని ఎవరో అరిచారు.

"దూకొద్దు!" యలమంద గొంతు చీలిపోయేలా కేకేశాడు. "నసీమమ్మా, దూకొద్దు! గోడకి ఆనుకో! నేనొస్తన్నా!"

ఆ మాట తన నోట్లోంచి వచ్చిందని అతనికే ఆలస్యంగా తెలిసింది. డెకరేషన్ వాళ్ల అల్యూమినియం నిచ్చెన తెచ్చి ఆనించారు. అది సన్‌షేడ్‌కి మనిషెత్తు తక్కువైంది. పొగ ఆ పక్కకే తిరగడంతో నిచ్చెన పట్టుకున్నవాళ్లు మొహాలు తిప్పుకుంటున్నారు. యలమంద ఎక్కాడు. ప్రతి మెట్టు మీదా దిగిపోదామనిపించింది. సగం ఎక్కేసరికి పంచె తడిసిపోయింది, అది అతనికి తెలుస్తూనే ఉంది. పైమెట్టు మీద నిలబడి ఒక చేత్తో సన్‌షేడ్ అంచు పట్టుకుని, రెండో చేత్తో ఆమె మడమ పట్టుకున్నాడు.

"ఈ కాలు నా భుజం మీద పెట్టు తల్లీ."

"కనపడట్లేదు బాబాయ్!"

"నాకూ కనపడట్లా. మెల్లగా పెట్టు."

ఆమె బరువు భుజం మీద పడినప్పుడు నిచ్చెన ఒక పక్కకి జరిగింది. కింద కోటేశ్వరి నిచ్చెన కాలిని కావలించుకుని కూర్చుండిపోయింది. ఇద్దరూ దిగారు. నేల తగలగానే యలమంద మోకాళ్ల మీద పడి, పసివాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. ఎంతకీ ఆపుకోలేకపోయాడు.

ఎవరూ చనిపోలేదు. నసీమున్నీసా ఒంగోలు ఆసుపత్రిలో కొన్నాళ్లు ఆక్సిజన్ మీద ఉండి కోలుకుంది. మండపం మూతపడింది, ఓనరు మీద కేసు నడుస్తోంది. చైతన్యకృష్ణ ఒకరోజు ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడి, మంచినీళ్లు అడిగి తాగి వెళ్లిపోయాడు.

ఊళ్లో వాళ్లు ఇక యలమంద భయం పోయి ఉంటుందనుకున్నారు. పోలేదు, ఇంకా పెరిగింది. ఇంట్లో పోపు వేస్తే పెరట్లోకి వెళ్లిపోయేవాడు. ఎండుమిరప వాసన తగిలితే ఒళ్లంతా చెమట. నాటక పరిషత్తుల వాళ్లు సన్మానం చేస్తామంటే రానన్నాడు. తెర పని మానేశానని అందరికీ చెప్పేశాడు.

దీపావళి వెళ్లాక నసీమున్నీసా ఫోన్ చేసింది. చిలకలూరిపేటలో ఆట ఉందట.

"మీరు వస్తే నేను పైకెక్కుతాను బాబాయ్. లేకపోతే నావల్ల కాదు. నాకూ భయంగానే ఉంది."

అతను ఫోన్ చెవిన పెట్టుకునే వెళ్లి పెరటి తలుపు తోసి చూశాడు. ఆమె ఫోన్ పెట్టలేదు.

"ఎన్ని తలుపులంట?" అన్నాడు చివరికి.

"మీరొచ్చి చూడండి."

ఆటనాడు పొద్దున్నే, ఎవరూ రాకముందే, యలమందా కోటేశ్వరీ బస్సు దిగారు. హాలు గుమ్మం దగ్గర అతని కాళ్లు ఆగిపోయాయి. కోటేశ్వరి తొందరపెట్టలేదు. మేకప్ పెట్టె కింద పెట్టి, దాని మీద కూర్చుని, అతను లోపలికి అడుగు వేసేదాకా ఎదురుచూసింది.